మంత్రిగారు సంతకం పెట్టిన వెబ్‌సైట్

"ఇక మీదట ప్రభుత్వం మీ అరచేతిలో ఉంటుంది. మీరు వేలు కదిపితే చాలు, లేచి నిలబడుతుంది" అని వైద్య శిక్షణ శాఖ మంత్రిగారు పత్రికలవాళ్ళ ముందు ప్రకటించారు. ఆ సమయంలో నేను అదే గదిలో, ఆఖరి వరసలో, మంచినీళ్ళ డబ్బా పక్కన కూర్చుని ఉన్నాను. నన్నెవరూ పిలవలేదు. ఆ వెబ్‌సైట్ తయారుచేస్తున్నది మా పిన్ని. ఇంట్లో ఒక్కదాన్నే ఎందుకని నన్ను వెంటబెట్టుకొచ్చింది. నోరు తెరవకపోతే నేను ఎక్కడ కూర్చున్నా ఎవరికీ కనబడను. అది నాకు బాగా చేతనైన పని.

మంత్రిగారి ప్రసంగం గంటన్నర సాగింది. అందులో నాకు కావలసిన ముక్క ఒక్కటే. ఊరి చివర కొత్తగా కట్టిన నర్సింగ్ కాలేజీలో నలభై సీట్లు ఉన్నాయి. ఆడపిల్లలకే. హాస్టల్ కూడా అక్కడే. దరఖాస్తు ఈ వెబ్‌సైట్‌లోనే పెట్టుకోవాలి. ఆఖరి గడువు శుక్రవారం సాయంత్రం అయిదు గంటలు.

సీటు వస్తే నర్సునవుతాను. రాకపోతే మా ఊళ్ళో మామయ్య కుట్టు దుకాణంలో కాజాలు కుట్టాలి. నాన్న ఆ మాట నవ్వుతూనే అన్నాడు కాని, మామయ్య అప్పటికే నా కోసం ఒక ముక్కాలిపీట తుడిచి ఉంచాడట.

మర్నాడు మంత్రిగారి గదిలో పిన్ని లాప్‌టాప్ తెరిచి వెబ్‌సైట్ చూపించింది. ఎడమవైపు మంత్రిగారి ఫోటో, కుడివైపు సహాయ మంత్రిగారి ఫోటో, మధ్యలో "దరఖాస్తు చేయండి" అనే నీలం రంగు బటన్. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. పిన్ని అదే పేజీని తన ఫోన్‌లో కూడా చూపించింది.

ఫోన్ తెర వెడల్పు తక్కువ. అందువల్ల ఫోటోలు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. పైన మంత్రిగారు, కింద సహాయ మంత్రిగారు.

సహాయ మంత్రిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏమ్మా, నేనీయన కాళ్ళ దగ్గర ఉన్నానేంటి?"

"కాళ్ళ దగ్గర కాదు సార్. చిన్న తెర కదా, ఇద్దరూ పక్కపక్కన పట్టరు. అందుకని కిందకి సర్దుకున్నారు."

"నేనెక్కడ సర్దుకున్నాను? నన్నెవరైనా అడిగారా?"

పిన్ని గబుక్కున ఫోన్‌ని అడ్డంగా తిప్పింది. సహాయ మంత్రిగారు చటుక్కున లేచి మంత్రిగారి పక్కకొచ్చి నిలబడ్డారు. ఫోన్‌లోనూ, గదిలోనూ.

"హమ్మయ్య. ఇలా బాగుంది. జనాన్ని ఇలాగే పట్టుకోమనండి."

మంత్రిగారు ఫోన్ అందుకుని నిలువుగా తిప్పారు. "నాకు ఇలా బాగుంది" అన్నారు చాలా నెమ్మదిగా.

సహాయ మంత్రిగారు అడ్డంగా తిప్పారు. మంత్రిగారు నిలువుగా తిప్పారు. ఆ విధంగా పది నిమిషాల పాటు ప్రభుత్వం నిజంగానే అరచేతిలో తిరిగింది.

అప్పుడు కార్యదర్శిగారు కలగజేసుకున్నారు. ఆయన గురించి ఒక్క మాట చెప్పాలి. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన చేతి కింద ఒక్క కాగితం మడత పడలేదు. అలాంటివారు ప్రతి ఆఫీసులో ఒక్కరున్నా చాలు, దేశంలో ఏదీ ఉన్న చోటు నుంచి కదలదు.

"ఇదేం వెబ్‌సైటమ్మా? ఒక చోట నిలబడదూ?"

పిన్ని ఓపిగ్గా చెప్పింది. "నిలబడకూడదు సార్. కాగితం మీద అక్షరం అచ్చు వేసిన చోటే ఉంటుంది. తెర అలా కాదు. ఒకరిది చిన్నది, ఒకరిది పెద్దది. చూపు ఆననివాళ్ళు అక్షరాలు పెద్దవి చేసుకుంటారు. అసలు చూపే లేనివాళ్ళు ఫోన్ చేత చదివించుకుని వింటారు. బస్సులో ఇంకో మనిషి ఎక్కితే అందరూ తలా కాస్త జరుగుతారు చూడండి, అక్షరాలు కూడా అలా జరుగుతాయి. దాని స్వభావం అది. దానికి తగ్గట్టు కడితేనే అందరికీ పనికొస్తుంది."

"ప్రభుత్వ అక్షరం జరగదమ్మా."

"సార్..."

"పైగా పెద్దవి చేసుకుంటారంటున్నారు. పన్నెండు సైజులో మనం రాసినదాన్ని పౌరుడు ఇరవై సైజు చేసేస్తాడా? ఏ అధికారంతో?"

"కళ్ళు కనబడక సార్."

"కనబడకపోతే కళ్ళజోడు పెట్టుకుంటాడు. మన అక్షరం జోలికి రావడమెందుకు?"

ఈ చిక్కుముడిని ఆయన ఒక్క పూటలో విప్పారు. వెబ్‌సైట్‌లోని పేజీలన్నీ లాప్‌టాప్‌లో కనబడినవి కనబడినట్టు కాగితాల మీద అచ్చు తీయించారు. పద్నాలుగు కాగితాలు అయ్యాయి. కాగితం మీద ఇద్దరు మంత్రులూ ఎటు తిప్పినా పక్కపక్కనే ఉన్నారు. మంత్రిగారు సంతోషించి పద్నాలుగింటి మీదా ఆకుపచ్చ సిరాతో సంతకాలు పెట్టారు. మూడో కాగితం మీద అంతకుముందే అటెండర్ టీ కప్పు పెట్టడంతో గుండ్రటి మరక పడి ఉంది. పిన్ని దాన్ని మళ్ళీ అచ్చు తీయిస్తానంది.

"వద్దు. సంతకం మరక తర్వాత పెట్టారు. కనుక మరకకి కూడా ఆమోదం ఉన్నట్టే" అన్నారు కార్యదర్శిగారు.

ఆమోదం వచ్చింది కదా అని పిన్ని వెబ్‌సైట్‌ని ఇంటర్నెట్‌లో పెట్టబోయింది. అటెండర్ పరుగెత్తుకొచ్చాడు. "ఆగండమ్మా ఆగండి, పెద్దసారు రమ్మంటున్నారు!"

కార్యదర్శిగారు ఫైలు తెరిచి కూర్చున్నారు.

"ఆమోదం దేనికొచ్చింది?"

"ఈ పేజీలకి సార్."

"ఈ కాగితాలకి. మీ కంప్యూటర్‌లో ఉన్నదాని మీద సంతకం ఉందా?"

"కంప్యూటర్ మీద సంతకం ఎలా పెడతారు సార్?"

"అదే నేనూ అంటున్నాను. సంతకం లేనిదాన్ని జనంలోకి ఎలా వదులుతాం? ఈ కాగితాలనే ఫోటోలు తీసి పెట్టండి."

పిన్ని కుర్చీలో వెనక్కి వాలి, మళ్ళీ ముందుకి వచ్చింది. "సార్, అప్పుడు అది బటన్ కాదు, బటన్ బొమ్మ. నొక్కితే పని చేయదు."

"బటన్ కనబడుతుందా?"

"కనబడుతుంది."

"నీలం రంగేనా?"

"నీలమే."

"మరింకేం? చూపించడం మన పని. నొక్కడం వాళ్ళ పని. ఎవరి పని వాళ్ళు చేయాలి."

ఆ విధంగా పద్నాలుగు ఫోటోల వెబ్‌సైట్ జనంలోకి వచ్చింది. సంతకాలు, మరక, పంచింగ్ మిషన్ వేసిన చిల్లులు, అన్నీ ఉన్నాయి. అడుగున "ఇప్పటివరకు సందర్శకులు: 127" అని ఉంది. అది పిన్ని పరీక్ష కోసం తానే నూట ఇరవై ఏడు సార్లు తెరిచి చూసుకున్న లెక్క. ఆ అంకె రెండో రోజూ నూట ఇరవై ఏడే ఉండేసరికి ఒక ఫైలు పుట్టింది. రోజూ సాయంత్రం ఒక గుమస్తా కొత్త అంకె ప్రతిపాదించేవాడు, కార్యదర్శిగారు దాన్ని పరిశీలించేవారు, మంత్రిగారు సంతకం పెట్టేవారు. బుధవారం నాడు గుమస్తా తొమ్మిది వేలు ప్రతిపాదిస్తే మంత్రిగారు ఉదారంగా తొంభై వేలు మంజూరు చేశారు.

ప్రారంభోత్సవం మాత్రం చూసి తీరవలసింది. బొమ్మ బటన్‌ని మంత్రిగారు వేదిక మీద నొక్కితే ఏమీ జరగదు కదా అని పిన్ని భయపడింది. అటెండర్‌కి అలాంటి భయాలు లేవు. పన్నెండు అడుగుల ఫ్లెక్సీ మీద మొదటి పేజీ, దాని వెనక ఇంకో ఫ్లెక్సీ మీద రెండో పేజీ వేయించి వేలాడదీశాడు. మంత్రిగారు నీలం బటన్ మీద వేలు ఆనించగానే వెనక నుంచి తాడు లాగాడు. మొదటి పేజీ కింద పడింది. రెండో పేజీ ప్రత్యక్షమైంది. హాలు మారుమోగిపోయింది.

"చూశారా వేగం? గుండ్రంగా తిరిగేది ఏదైనా కనబడిందా? ఆగడం ఉందా?" అన్నారు మంత్రిగారు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పేజీ పోలేదు. మంత్రిగారు చీకట్లోనే మైకు లేకుండా గొంతెత్తారు. "కరెంటు లేకపోయినా పని చేసే వెబ్‌సైట్! ఏ దేశంలో ఉందో చూపించండి!"

ఎవరూ చూపించలేకపోయారు.

ఇక జనం నొక్కడం మొదలుపెట్టారు. నేనూ నొక్కాను. నా ఫోన్‌లో ఒకసారి నొక్కితే ఏమీ కాలేదు. రెండుసార్లు గబగబా నొక్కితే మంత్రిగారి సంతకం పెద్దదయింది. మూడో పేజీలోని టీ మరక మీద నొక్కితే దరఖాస్తు తెరుచుకుంటుందని ఎవరో పుట్టించారు. గురువారం నాటికి ఊరంతా మరక నొక్కుతోంది.

సహాయ కేంద్రం పిన్ని గది పక్కనే, జిరాక్స్ మిషన్ వెనక ఉంది. అందులో ఒక మేడమ్ రోజంతా ఫోన్‌లు ఎత్తేది.

"నొక్కారా? గట్టిగా నొక్కారా? చేతులు తడిగా ఉన్నాయేమో తుడుచుకుని నొక్కండి. ఏంటీ, కాగితం మీద రాసి తెచ్చిస్తారా? కుదరదండీ, చేత్తో తీసుకుంటే అవినీతి జరుగుతుంది. ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. ఎలాగంటే ఏం చెప్పను, నొక్కాలి."

ఒకాయన వాళ్ళమ్మాయిని వెంటబెట్టుకుని నేరుగా వచ్చేశాడు. "మేడమ్, నా చేతిలో బలం లేదేమో, మీరు నొక్కి పెట్టండి" అని ఫోన్ చాపాడు. ఆమె నొక్కింది. జిరాక్స్ తీసే ఆయన కూడా వచ్చి నొక్కాడు. ఆ అమ్మాయి నా వంక చూసింది. నేను తల దించుకున్నాను. ఆ పిల్ల గోళ్ళన్నీ కొరికేసుకుని ఉన్నాయి. నావీ అంతే.

శుక్రవారం వచ్చింది. మూడు అయింది, నాలుగు అయింది. పిన్ని తన బల్ల దగ్గర గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నాలుగూ ముప్పావు కావస్తుండగా లేచి బ్యాగ్ భుజానికి తగిలించుకుంది.

"నేను టీ తాగొస్తానే."

"సరే పిన్నీ."

"లాప్‌టాప్ తెరిచే ఉంది. అసలు వెబ్‌సైట్ అందులో సిద్ధంగానే ఉంది. ఆ మూల ఆకుపచ్చ గుర్తు నొక్కితే ఫోటోలు పోయి అది జనంలోకి వెళ్ళిపోతుంది. కాబట్టి పొరపాటున కూడా దాన్ని నొక్కకు. ఆ మూలనే, కుడివైపు. కనబడిందా?"

"కనబడింది."

"నొక్కకు" అని, నా తల మీద ఒక మొట్టికాయ వేసి, పిన్ని వెళ్ళిపోయింది. పిన్నికి టీ అంటే గిట్టదు.

నేను నొక్కాను.

పేజీ ఒక్కసారి తెల్లబడి, మళ్ళీ వచ్చింది. ఫోన్ తీసి చూశాను. అక్షరాలు నా ఫోన్‌కి తగ్గట్టు సర్దుకుని కూర్చున్నాయి. నీలం బటన్ నొక్కితే లోపలికి పోయింది. పేరు, మార్కులు, ఇంటి చిరునామా, ఫోటో. తొందరలో నాన్న పేరు రెండుసార్లు తప్పు రాశాను. "మీ దరఖాస్తు అందింది. సంఖ్య 1" అని వచ్చింది.

అక్కడితో ఆపేసి ఉండాల్సింది. కాని లాప్‌టాప్‌లో ఆ అంకె 2 అయింది. 3. 4. పొద్దుటి నుంచి ఎక్కడెక్కడో కూర్చుని నొక్కుతూనే ఉన్న ఆడపిల్లలందరికీ ఒక్కసారిగా తలుపు తెరుచుకుంది. 11, 12, 19. నాకు నవ్వు ఆగలేదు. నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. 28. 33. కుర్చీలో కూర్చోలేక లేచి గదిలో గుండ్రంగా తిరిగాను. 36. 37.

పైఅంతస్తులో కేక వినబడింది. కార్యదర్శిగారు తన ఫోన్‌లో వెబ్‌సైట్ తెరిచారట. సహాయ మంత్రిగారు మళ్ళీ కిందకి వచ్చేసి ఉన్నారట.

రెండు నిమిషాల్లో పద్నాలుగు ఫోటోలు తిరిగి వాటి స్థానాల్లోకి వచ్చాయి. మొత్తం మీద అసలు వెబ్‌సైట్ పదకొండు నిమిషాలు పని చేసింది.

మర్నాడు మంత్రిగారి ముఖం ఎర్రగా ఉంది. పత్రికలవాళ్ళకి ఆయన ఇచ్చిన ప్రకటన ఇది: "నిన్న సాయంత్రం ముప్పై ఏడు మంది మన వెబ్‌సైట్‌లోకి చొరబడ్డారు. ఒక్క సంతకం లేకుండా లోపలిదాకా వచ్చేశారు. ఎంత తెగింపంటే, తమ పేర్లు, చిరునామాలు, మార్కులు కూడా రాశారు. ఫోటోలు అంటించారు. ఒక్కరినీ వదలం. అందరి మీదా కేసు పెడుతున్నాం."

"మరి సీట్ల సంగతేంటి సార్?" అని ఒక విలేఖరి అడిగాడు.

"పద్ధతి ప్రకారం వచ్చిన దరఖాస్తులు సున్నా. పరిష్కరించనివి సున్నా. ఫిర్యాదులు సున్నా. ఈ శాఖ చరిత్రలో ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు."

కేసు జాబితాలో మొదటి పేరు నాది. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. అవతల కుట్టు మిషన్ చప్పుడు వినబడింది. నాన్న మామయ్య దుకాణంలోనే ఉన్నాడు.

సోమవారం నర్సింగ్ కాలేజీ ప్రారంభం. పైనుంచి పెద్దలు వస్తున్నారు. ఆదివారం పొద్దున్నే శిక్ష సంగతి తేల్చడానికి మంత్రిగారు సమావేశం పెట్టారు. అసలు వెబ్‌సైట్ ఎలా బయటికొచ్చిందో చెప్పడానికి పిన్నిని పిలిచారు. "టీకి వెళ్ళాను సార్" అంది పిన్ని. కార్యదర్శిగారు హాజరు పుస్తకం తిప్పి చూసి, టీ విరామం నిబంధనల ప్రకారమే ఉందని నిర్ధారించారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఒకటో నంబరు ముద్దాయి అక్కడే ఉందని ఎవరూ గమనించలేదు.

"ఇలాంటి తెలివైన పిల్లల్ని బయట తిరగనివ్వకూడదు. కనీసం మూడేళ్ళు ఒక చోట కదలకుండా ఉంచాలి" అన్నారు మంత్రిగారు.

"జైలంటే పత్రికలవాళ్ళు రాస్తారు సార్. ఆడపిల్లలు" అన్నారు కార్యదర్శిగారు.

అంతవరకు మూల కుర్చీలో దిగులుగా కూర్చున్న కాలేజీ ప్రిన్సిపాల్ మేడమ్ గొంతు సవరించుకుంది. ఆమె దగ్గర నలభై మంచాలు, ఆరుగురు పంతులమ్మలు, ఒక వంటమనిషి ఉన్నారు. మనిషంటూ లేని హాస్టల్‌ని పెద్దలకి ఎలా చూపించాలో తెలియక మూడు రోజులుగా ఆమెకి నిద్ర లేదు.

"సార్, నా దగ్గర గోడ ఎత్తుగా ఉంది."

"అలాగా?"

"గేటుకి తాళం ఉంది. పొద్దున్నే అయిదింటికి లేపుతాం. ఒక్క క్షణం ఖాళీగా ఉండనివ్వం. పక్కలు మార్చడం, పుళ్ళు కడగడం, సూదులు వేయడం, రాత్రీపగలూ రోగుల మధ్యన. అలా మూడేళ్ళు."

మంత్రిగారి కళ్ళు మెరిశాయి. "మధ్యలో వదిలేది లేదు కదా?"

"లేదు సార్. పైగా ఏటా రెండుసార్లు పరీక్షలు."

"పరీక్షలు కూడానా? మరీ కఠినంగా ఉందమ్మా" అన్నారు ఆయన మెచ్చుకోలుగా. "సరే, అనుభవించనీండి."

కార్యదర్శిగారు అక్కడికక్కడే కాగితం రాశారు. మంత్రిగారు ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు. పిన్ని దగ్గు వచ్చినట్టు ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేసింది. మెట్ల దగ్గర నన్ను గట్టిగా పట్టుకుని ఊపేసింది. "ముద్దాయీ! ఓసి ముద్దాయీ!"

సోమవారం ముప్పై ఏడు మందీ తెల్లకోట్లు వేసుకుని రెండు వరసల్లో నిలబడ్డాం. గోళ్ళు కొరికేసుకున్న ఆ అమ్మాయి నా పక్కనే ఉంది. ఆమె ఇరవై రెండో నంబరు. మంత్రిగారు పెద్దలకి మమ్మల్ని చూపించి, ఈ శాఖలో క్రమశిక్షణ ఎలా ఉంటుందో వివరించారు. తర్వాత నా ముందు ఆగారు.

"నువ్వేం చేశావమ్మా?"

"బటన్ నొక్కానండి."

"నొక్కితే?"

"పని చేసిందండి."

ఆయన ముఖం గంభీరంగా మారింది. చెయ్యి నా భుజం మీద వేసి, కన్నతండ్రిలా అన్నారు. "జరిగిందేదో జరిగింది. ఇంకెప్పుడూ అలా చేయకు."

శిక్షలో భాగంగా మేం ప్రతి శనివారం పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి పుస్తకంలో సంతకం పెట్టాలి. మొదటి శనివారం మేం వెళ్ళేసరికి స్టేషన్ ముందు జనం వీధి మలుపు దాకా నిలబడి ఉన్నారు. అందరూ తల్లిదండ్రులే. ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్క ఆడపిల్ల. హాస్టల్‌లో ఇంకా మూడు మంచాలు మిగిలి ఉన్నాయన్న సంగతి ఎలా పొక్కిందో తెలియదు.

ఇన్‌స్పెక్టర్‌గారు చెమట తుడుచుకుంటున్నారు. ఆయన బల్లకి అవతల ఒకావిడ కూతురి జబ్బ పట్టుకుని నిలబడింది.

"మీ అమ్మాయి ఆ రోజు లోపలికి రాలేదమ్మా. జాబితాలో లేదు. సాక్ష్యం లేకుండా నేనెలా కేసు రాయను?"

"వచ్చిందండీ, మీకు కనబడి ఉండదు. మహా గడుసుది."

"పిల్లని చూస్తే అలా లేదే. బుద్ధిమంతురాల్లా ఉంది."

ఆవిడ కూతురి వంక ఒకసారి చూసి, బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి బతిమాలింది.

"పైకలా కనబడుతుంది కాని, మా పిల్ల అంత మంచిదేం కాదు బాబూ. నా మాట నమ్మి రాసుకోండి."